ఏడిళ్ళ అన్నం

ఆ బుధవారం మధ్యాహ్నం మా ఇంట్లో కొత్తగా వారం కుదుర్చుకున్న కుర్రవాడు భోజనానికి వచ్చాడు. నరసాపురం హైస్కూల్లో చేరాడట. పట్నంలో పిల్లాడికి బస ఏర్పాటు చేసే స్తోమతు లేని బ్రాహ్మణ కుటుంబాలవాళ్ళు ఇలాగే పంపిస్తారు. రోజుకొక ఇంట్లో తిని, ఏ అరుగు మీదో పడుకుని చదువుకోమని. నేనూ రాజమండ్రిలో అలా వారాలు చేసుకుని చదివి ప్లీడరునైన వాణ్ణే. అంచేత మా ఇంటికి వచ్చి వారం అడిగిన కుర్రాణ్ణి నా భార్య ఎప్పుడూ కాదనదు.

కుర్రవాడు గుమ్మం దగ్గర ఆగి చిన్నగా దగ్గాడు. పడిశం పట్టిందేమో అనుకున్నాను. విస్తళ్ళ ముందు ఇద్దరం కూర్చున్నాం. చారు రెండోసారి వడ్డిస్తుంటే గరిట గిన్నె అడుగున గీరుకుంది. ఆ చప్పుడు వినగానే కుర్రవాడు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి "చాలండి" అన్నాడు. అప్పటికీ నాకు ఏమీ తట్టలేదు. ఊళ్ళో ఎవరింట్లో ఏం వండుకున్నారో తెలిస్తే గాని నా భార్యకి అన్నం సయించదు. మజ్జిగ పోస్తూ యథాప్రకారం అడిగింది.

"నిన్న మంగళవారం వాళ్ళింట్లో ఏం కూర చేశారు నాయనా?"

కుర్రవాడు తల ఎత్తలేదు. "కడుపునిండా పెట్టారండి" అన్నాడు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఈ మాట నీకెవరు నేర్పార్రా?" అన్నాను.

తప్పు చేశాననుకున్నాడు కాబోలు, బిక్కమొహం పెట్టాడు. "మా పంతులుగారండి. మా ఊరు మొగల్తూరు పక్కనండి."

"పొడుగ్గా ఉంటారా? పైపంచె నాలుగు మడతలు పెట్టి ఎడం భుజం మీద వేసుకుంటారా?"

"అవునండి! ఆయన మీకు తెలుసాండి?"

"బాగున్నారా?"

వాడు మజ్జిగన్నం కలపడం మానేశాడు. "పోయారండి. మొన్న ఆషాఢంలో జొరం వచ్చి పోయారండి."

లేచి చెయ్యి కడుక్కుని వీధి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. కోర్టు పని మీద రాజమండ్రి వెళ్ళిన ప్రతిసారీ ఆయన జాడ కోసం ఆ పాత వీధులన్నీ తిరిగినవాణ్ణి. సొంత ఊరేదో ఆయన మాకెప్పుడూ చెప్పలేదు. పడవవాళ్ళని అడిగాను, సత్రం గుమాస్తాని అడిగాను. ఆయనేమో మొగల్తూరు పక్కన ఉన్నాడు! మా ఇంటి నుంచి పొద్దున్నే చద్దన్నం తిని బయల్దేరితే మధ్యాహ్నం విస్తళ్ళు వేసే వేళకి చేరుకోవచ్చు. అంత దగ్గర.

ఆయన పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఎందుకు రాయనో చివరికి మీకే తెలుస్తుంది. మేమంతా ఆయన్ని "అన్నయ్యగారూ" అనేవాళ్ళం, నేనూ అలాగే అంటాను.

నేను రాజమండ్రి వెళ్ళేసరికే అన్నయ్యగారు హైస్కూల్లో పాతకాపు. మెట్రిక్యులేషన్ పరీక్షకి ఏటా వెళ్ళేవాడు, ఏటా తప్పేవాడు. ఇంగ్లీషు గడగడా చదివేవాడు, తెలుగు సరేసరి. జామెట్రీ దగ్గరకొచ్చేసరికి నీళ్ళు నమిలేవాడు. పరీక్ష పోయినందుకు మొహం వేలాడేసుకోవడం మాత్రం నేను చూడలేదు. "ఈ ఏడు కూడా మెట్రిక్యులేషన్ గారు మనల్ని లోపలికి రమ్మనలేదర్రా. ఏదో పనిలో ఉన్నారు పాపం" అని తనే నవ్వేవాడు.

కొత్తగా ఊళ్ళోకి వచ్చిన కుర్రాళ్ళకి వారాలు కుదిర్చేది ఆయనే. ఏ ఇంట్లో ఏ రోజు ఖాళీ ఉందో, ఏ ఇంటాయనకి సందడి పడదో, ఏ మామ్మగారికి గట్టిగా మాట్లాడితే గాని వినబడదో అన్నీ ఆయనకి తెలుసు. అయితే కుదిర్చేసి వదిలేసేవాడు కాదు. ముందు మాకు తినడం నేర్పేవాడు. నవ్వకండి. మా అమ్మ పెట్టిన అన్నం తినడం తప్ప పరాయింటి అన్నం తినడం నాకు అప్పటికి తెలియదు.

సాయంత్రం బడి వదిలాక గోదావరి రేవు మెట్ల దిగువన ఇసకలో మా రెండో బడి మొదలయ్యేది. కొత్త కుర్రాళ్ళని వరసగా బాసింపట్లు వేయించి కూర్చోబెట్టేవాడు. ఒక్కొక్కళ్ళ ముందు ఒక బాదం ఆకు పరిచేవాడు, అదే విస్తరి. ఆ నాలుగు మడతల పైపంచె విప్పి కొంగులా తల మీద కప్పుకుని, ఎక్కడో దొరికిన విరిగిన తెడ్డుముక్క చేతిలో గరిటలా పట్టుకుని, క్షణంలో ఇంటావిడ అయిపోయేవాడు. స్నానానికి వచ్చినవాళ్ళు ఆగి మరీ చూసేవాళ్ళు.

"గుమ్మంలో అడుగుపెట్టేముందు దగ్గాలి. ఆవిడ కొంగు సర్దుకోవాలా, గిన్నె మీద మూత పెట్టుకోవాలా, కళ్ళు తుడుచుకోవాలా? నువ్వు గాలిలా దూసుకుపోతే ఎలారా?"

"గరిట అడుగున గీరుకున్న చప్పుడు వినపడిందా? అంతే. ఆకలి ఉన్నా చెయ్యి అడ్డం పెట్టు. ఆవిడ ఇంకా తినలేదు."

"అన్నీ బాగున్నాయని అనకు, ఎవరూ నమ్మరు. ఒక్కటే మెచ్చుకో. ఏది చెడిందో చూసుకుని దాన్నే మెచ్చుకో. పులుసు మాడితే పులుసు బాగుందను. బాగున్నవాటి సంగతి ఆవిడకి తెలుసు. చెడినదాని కోసమే ఆవిడ గుమ్మం పక్కన నిలబడి నీ మొహం చూస్తూ ఉంటుంది."

మొదటిరోజు నన్ను కూర్చోబెట్టి బాదం ఆకులో ఇసక వడ్డించాడు. వడ్డిస్తూ ఆడగొంతుతో మెత్తగా అడిగాడు. "నిన్న మంగళవారం వాళ్ళింట్లో ఏం కూర చేశారు నాయనా?"

"వంకాయ కూరండి" అన్నాను నేను హుషారుగా. బాగా జవాబు చెప్పానని నా ఉద్దేశం.

ఆయన తెడ్డుముక్క ఇసకలో పారేసి నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. "అయిపోయింది! మంగళవారం పోయింది, బుధవారమూ పోయింది. ఇంక వీడు రెండు రోజులు పస్తు!"

నాకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. "వంకాయ అని చెప్తే తప్పేముందని కదా నీ సందేహం? ఇవాళ వంకాయ అంటావు. రేపు చారొక్కటే పెట్టారంటావు. ఎల్లుండి మొగుడూ పెళ్ళాలూ మాట్లాడుకోవడం లేదంటావు. ఏడిళ్ళవాళ్ళు నిన్ను వంటింటి గుమ్మం దాకా రానిస్తున్నారు. వాళ్ళ చుట్టాలని కూడా అక్కడికి రానివ్వర్రా. ఏ ఇంట్లో ఏం చూసినా, ఏం విన్నా నీ నోటంట రావలసింది ఒక్కటే మాట. కడుపునిండా పెట్టారండి. అను."

అన్నాను. నాలుగైదుసార్లు అనిపించాడు.

హైస్కూల్లో నేర్చుకున్న చదువులో సగం మర్చిపోయాను. ఈ ఒక్క మాట మీద మాత్రం ఇవాళ్టికీ బతుకుతున్నాను. కేసులు తెచ్చే పార్టీలు నా దగ్గర కూర్చుని ఇంటిగుట్లన్నీ చెప్పుకుంటారు. అవతలి ప్లీడరు నవ్వుతూ భుజం మీద చెయ్యివేసి ఏదో లాగబోతాడు. నాకు ఆ ఇసకా, బాదం ఆకూ కళ్ళ ముందుకొస్తాయి.

మా ఇద్దరికీ స్నేహం కలిసింది జామెట్రీ వల్ల. నాకు అది తేలిగ్గా వచ్చేది. రోజూ మా రెండో బడి అయ్యాక, తడి ఇసకలో త్రిభుజాలు గీసి నేను చెప్తుంటే ఆయన వినేవాడు. నాకంటే అంత పెద్దవాడు, నన్ను "గురువుగారూ" అని ఆటపట్టించేవాడు. ఆ ఏడు ఆయనకి పట్టు చిక్కింది. ఒకరోజు నా సాయం లేకుండా ఒక సిద్ధాంతం మొదటినుంచి చివరిదాకా నిరూపించి, నమ్మలేనట్టు తను గీసిన గీతలకేసే చూస్తూ కూర్చున్నాడు. "ఈసారి లోపలికి రమ్మంటార్రా" అన్నాడు. పాసైతే ఎక్కడో ఒక స్కూల్లో మేష్టరీ, నెల జీతం. ఊళ్ళో తల్లిని తీసుకొచ్చి తన ఇంట్లో వంట చేయించుకుని తినాలన్నది ఆయన కోరిక. ఏడు రోజులూ ఒకే ఇంట్లో తినడం ఎలా ఉంటుందో మర్చిపోయాననేవాడు.

పరీక్ష ఇంకా కొన్ని నెలలుందనగా శ్రావణమాసం వచ్చింది.

ఆయనకి లక్ష్మివారం అన్నం పెట్టే ఇల్లూ, నాకు లక్ష్మివారం అన్నం పెట్టే ఇల్లూ ఒకే వీధిలో ఎదురెదురుగా ఉండేవి. అన్నయ్యగారు తినే ఇంటాయనకి కోర్టులో మంచి ఉద్యోగం. మాట కరుకు. ఆయన భార్యని మేమంతా లక్ష్మివారం పిన్నిగారు అనేవాళ్ళం. ఏదో తగువొచ్చి ఆయన అత్తవారితో రాకపోకలు మానేశాడు. ఆవిడ పుట్టింటి మాటెత్తితే ఆ గుమ్మం దిగి మళ్ళీ ఎక్కక్కర్లేదని వీధికంతా వినబడేలా చెప్పినవాడు. వరలక్ష్మీవ్రతం దగ్గరపడింది, నగలు తీద్దామని ఆయన పెట్టె తెరిచాడు. ఆవిడ మెడలో పెట్టుకునే బంగారు కంటె లేదు.

లోపలిదాకా వచ్చే పరాయివాడు ఎవడు? లక్ష్మివారం కుర్రాడు.

ఆ లక్ష్మివారం నేను భోంచేసి బయటికొచ్చేసరికి ఎదురింటి అరుగు ముందు జనం. అన్నయ్యగారు మెట్టు కింద నిలబడి ఉన్నాడు. పైపంచె మడత చెదరలేదు.

"కంటె తీశావా?" అన్నాడు ఇంటాయన.

"నేను తియ్యలేదండి."

"మరెవరు తీశారో నీకు తెలుసా?"

"నేను తియ్యలేదండి" అన్నాడు మళ్ళీ.

"నేనడిగింది అది కాదు. తెలుసా, తెలియదా? తెలియదని చెప్పు, పోనీ!"

"నేను తియ్యలేదండి."

తెలియదని ఒక్కమాట అనేస్తే సరిపోయేది. ఆ అబద్ధం ఆయన నోట రాలేదు. నిజమూ రాలేదు. తలుపు వెనకాల గాజులు గలగలమన్నాయి, ఆగిపోయాయి.

"చూశారా! తెలిసీ చెప్పనివాడు దొంగ కాకపోతే ఏంటండీ?" అని ఇంటాయన వీధి వీధంతటినీ అడిగాడు. "ఆయన అలాంటివారు కాదండి" అని నేను అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. పధ్నాలుగేళ్ళ వారాలబ్బాయి మాట ఎవరు లెక్కచేస్తారు?

పోలీసుల దాకా వెళ్ళలేదు, పరువు తక్కువని. అంతకన్నా ఎక్కువే జరిగింది. శుక్రవారం ఇంటివాళ్ళు, "మా ఇంట్లో మైలొచ్చింది నాయనా" అన్నారు. శనివారం ఇంటావిడ ఊరికెళ్ళిందన్నారు, ఆవిడ కిటికీలోంచి కనపడుతూనే ఉంది. తర్వాతి వారం తిరిగేసరికి ఆయనకి రాజమండ్రిలో ఒక్క ఇంటి తలుపూ తెరుచుకోలేదు. తిండి లేకుండా పరీక్షదాకా ఎలా ఉంటాడు? ఊరికి ప్రయాణం కట్టాడు.

ధవళేశ్వరం లాకుల దాకా ఆయన వెంట నడిచివెళ్ళాను. ఆ రోజు ఆదివారం. మా ఆదివారం మామ్మగారిని బతిమాలి విస్తట్లో పులిహోర మూట కట్టించుకున్నాను. ఆయన తీసుకోలేదు.

"వారం అన్నం ఆ ఇంటి పీట మీద తినాలిరా. మూట కట్టకూడదు. నేర్పాను కదా."

"ఇప్పుడు కూడానా అన్నయ్యగారూ?"

"ఇప్పుడు మరీనూ" అని నవ్వాడు. కళ్ళు గుంటలు పడిపోయాయి. "పడవలో ఎవరో అటుకులు పెడతార్లే."

పడవ ఇంకా కట్టేసే ఉంది. ఉండబట్టలేక అడిగేశాను. "మీకు తెలుసు కదా, ఎవరు తీశారో? నాకైనా చెప్పండి. నేనెవరికీ చెప్పను."

ఆయన చిన్నగా దగ్గాడు. "ఆ చివరి సిద్ధాంతం ఉంది చూడు, అది ఇంకోసారి చెప్పరా గురువుగారూ. అక్కడే నాకు కొంచెం అనుమానం."

నేను పుల్లతో గట్టు మీద బురదలో త్రిభుజం గీశాను. ఏడుస్తూనే చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, నడుమ తల ఊపాడు. ఇంతలో పడవవాళ్ళు గట్టెక్కి తాడు భుజానికెత్తుకున్నారు. పడవ కదిలాక కూడా ఆయన ఒడ్డున ఆ త్రిభుజం ఉన్న చోటికేసే చూస్తున్నాడు. అదే ఆఖరిసారి చూడటం.

మరుసటేడు నా లక్ష్మివారం ఇంటివాళ్ళకి కాకినాడ బదిలీ అయింది. వాళ్ళటు వెళ్ళారో లేదో, ఎదురింటి పిన్నిగారు కబురు పెట్టింది, లక్ష్మివారం తమ ఇంట్లో తినమని. మొదట వెళ్ళబుద్ధి కాలేదు. ఆకలి వెళ్ళమంది. ఆవిడ ఎప్పుడూ మాట్లాడేది కాదు. వడ్డించి గుమ్మం పక్కన నిలబడేది. నేను మెట్రిక్యులేషన్ పాసై రాజమండ్రి వదిలే ముందు, ఆఖరి లక్ష్మివారం నాడు, ఇంటాయన కోర్టుకి వెళ్ళాక, మజ్జిగ పోస్తూ పోస్తూ ఆవిడ గోడకి ఆనుకుని కూలబడిపోయింది.

"ఆ అబ్బాయి ఇప్పుడెక్కడున్నాడు నాయనా?"

"తెలియదండి."

"మా నాన్న మంచాన పడ్డాడు. వైద్యానికి లేక తమ్ముడు దొడ్డిదారిన వచ్చాడు. వాడికి కంటె మూటకట్టి ఇస్తున్నాను, నూతి దగ్గర. సరిగ్గా అప్పుడే ఆ అబ్బాయి చెయ్యి కడుక్కోవడానికి వచ్చాడు. చూశాడు. అతను చూశాడని నేనూ చూశాను. నా ప్రాణాలు పోయాయి. ఆ రోజు పొద్దుట్నుంచీ మనసు మనసులో లేదు, కందిపచ్చడిలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను కూడాను. అతను చెయ్యి కడుక్కుని, తల వంచుకుని, 'కందిపచ్చడి చాలా బాగుందండి పిన్నిగారూ' అని వెళ్ళిపోయాడు."

కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆ రోజు తలుపు వెనకాలే ఉన్నాను. చెప్పేస్తాడు, చెప్పేస్తాడు అనుకున్నాను. చెప్తే నన్ను వీధిలోకి గెంటేవారు. అతను చెప్పలేదు. నేనూ నోరు విప్పలేకపోయాను. ఎప్పుడైనా కనపడితే ఒక్కమాట చెప్పు నాయనా. లక్ష్మివారం నీకు పెట్టానే గాని, విస్తరి అతనిదేనని. ఎప్పుడొచ్చినా అతనిదేనని."

ఏ ఇంటి మాటా మొయ్యొద్దన్న మనిషి కోసం ఈ ఒక్క మాటా మోసుకుంటూ తిరిగాను. ఆవిడ పోయింది. ఇంటాయనా పోయాడు. నేను పెళ్ళాడాను, బోర్డు కట్టాను, జుట్టు నెరిసింది. మాట నా దగ్గరే ఉండిపోయింది. ఏ రేవులో పొడుగాటి మనిషి పైపంచె మడత భుజం మీద వేసుకుని కనపడినా గబగబా ముందుకి వెళ్ళి మొహం చూసేవాణ్ణి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన పక్కన ఆ ఇసకలో కూర్చోవాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. ఇప్పుడు మాట ఎవరికి అప్పజెప్పను?

ఆయన దొంగ కాదని నలుగురికీ చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంటుంది. అలా చెప్పాలంటే ఆయన పేరు రాయాలి. ఆ పేరు రాస్తే రాజమండ్రిలో ఆ వీధివాళ్ళకి ఆ ఇల్లు తెలిసిపోతుంది, ఆవిడ తెలిసిపోతుంది. ఆయన అన్నం మానుకుని దాచిన పేరు నేను సిరా ఖర్చుపెట్టి బయటపెట్టనా? అందుకే రాయలేదు.

నేనిలా అరుగు మీద కూర్చుని ఉండగానే కుర్రవాడు చెయ్యి కడుక్కుని వచ్చాడు. వెళ్ళొస్తానని చెప్పడానికి ఎదురుగా నిలబడ్డాడు.

"మీ పంతులుగారు రాజమండ్రి కబుర్లు ఏమైనా చెప్పేవార్రా?" అన్నాను.

"చెప్పేవారండి. జామెట్రీ చెప్పిన చిన్న గురువుగారు ఒకరుండేవారనేవారండి."

నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. "ఇంకా?"

"అక్కడ లక్ష్మివారం ఇంట్లో కందిపచ్చడి చేసేవారటండి. అంత మంచి కందిపచ్చడి మళ్ళీ ఎక్కడా తినలేదని ఎప్పుడూ అంటుండేవారండి."

"ఆ ఇంటి గురించి ఇంకేమీ చెప్పలేదూ?"

వాడు నాకేసి చూసి, తల వంచుకున్నాడు. "కడుపునిండా పెట్టేవారటండి."

వాడికి ఏమైనా తెలుసో, ఏమీ తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన శిష్యుణ్ణి రెట్టించి అడగడానికి నాకు నోరు రాలేదు.

"లక్ష్మివారం ఎక్కడ తింటున్నావు?"

"ఇంకా కుదర్లేదండి."

"రేపు ఇక్కడికే రా. ప్రతి లక్ష్మివారమూ రా. అది నీదే."

వాడు పైపంచె నాలుగు మడతలు పెట్టి భుజం మీద వేసుకుని మెట్లు దిగాడు. నా భార్య గుమ్మంలోంచి వింటూనే ఉంది. నా కళ్ళు చూసి ఏమిటని అడగలేదు. "రేపు వాడికి ఏం చెయ్యమంటారు?" అంది.

"కందిపచ్చడి చెయ్యి" అన్నాను. ఉప్పు చూసి వెయ్యమని అనబోయి, ఊరుకున్నాను.